లద్దె ఎత్తడానికి ఏ వీల్‌బారో? కొనేముందు పొలంలో బురద ఎక్కడుందో చూడండి

సందేహం: డాక్టర్ గారూ, మాకు నాలుగు గుర్రాలు, ఐదెకరాల గడ్డి పొలం ఉన్నాయి. గుర్రాలు రాత్రీ పగలూ బయటే ఉంటాయి. లద్దె ఎత్తడానికి ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఒంటి చక్రం వీల్‌బారోనే వాడుతున్నాం. రేకు అడుగున తుప్పు పట్టి చిల్లులు పడింది, వాన పడితే చక్రం దిగబడి కదలదు. కొత్తది కొనాలి. ఒంటి చక్రందా, రెండు చక్రాలదా? రెండు వందల లీటర్ల తొట్టి ఉన్నది తెస్తే ఒకే ట్రిప్పులో పని అయిపోతుందని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?

సలహా: మీ అబ్బాయి బండిని ఖాళీగా చూసి అంటున్నాడు, నిండాక ఎలా ఉంటుందో చూద్దాం. 450–500 కిలోల గుర్రం రోజుకు ఇంచుమించు 15 నుంచి 18 కిలోల లద్దె వేస్తుంది, మూత్రం వేరు. నాలుగింటికీ కలిపి 60–70 కిలోలు. మీరు వారానికి రెండుసార్లు ఎత్తుతారనుకుంటే ఒక్కో విడతకు 200 కిలోల పైమాటే. ఉండల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి వంద లీటర్ల తొట్టిలో 50–60 కిలోలు పట్టొచ్చు, వాన నీళ్లు పీలిస్తే ఇంకా బరువు. అంటే రెండు వందల లీటర్ల తొట్టితో కూడా రెండు ట్రిప్పులు తప్పవు, పైగా ఒక్కో ట్రిప్పుకు వంద కిలోలకు మించి తొయ్యాలి. సిమెంటు నేల మీద పరవాలేదు గానీ తడిసిన గడ్డిలో, గిట్టల గుంటల మీదుగా అంత బరువు తోయడం రెండు రోజుల ముచ్చట. మూడో రోజు ‘రేపు చూద్దాంలే’ అనిపిస్తుంది. అలా అనిపించిందంటే బండి కొన్నా కొననట్టే.

ఎందుకంటే మనం లద్దె ఎత్తేది పొలం శుభ్రంగా కనపడాలని మాత్రమే కాదు. గుర్రాల పేగుల్లో ఉండే నట్టల్లో ముఖ్యమైనవి స్ట్రాంగైల్స్, వాటిలోనూ చిన్న ఎర్ర నట్టలు. వాటి గుడ్లు లద్దెతో బయటికి వస్తాయి, వెచ్చగా తేమగా ఉంటే వారం పది రోజుల్లోనే గుర్రానికి సోకే దశ లార్వాలుగా మారతాయి. వాన పడగానే ఉండలు విచ్చిపోయి లార్వాలు చుట్టుపక్కల గడ్డి మీదకు పాకుతాయి, మేసే గుర్రం వాటిని మింగేస్తుంది. అక్కణ్ణుంచి కొన్ని పేగు గోడలో దూరి నెలల తరబడి నిద్రపోతాయి, ఆ దశలో చాలా మందులు వాటిని తాకలేవు. అదే లార్వా తయారయ్యేలోపే, అంటే మూడు నాలుగు రోజులకోసారి, లద్దె ఎత్తేస్తే ఆ గొలుసు అక్కడే తెగుతుంది. నట్టల మందు ఊరికే పోస్తూ పోతే మందుకు లొంగని నట్టలు తయారవుతున్నాయి కూడా, అందుకే లద్దె పరీక్ష చేయించి గుడ్ల లెక్క చూసి మందు వేయమని మేం చెప్పేది. మేత సంగతి కూడా ఉంది. గుర్రం తన లద్దె పడ్డ చోట మేయదు, ఆ మేర గడ్డి ఏపుగా పెరిగి ముదిరిపోతుంది. మిగతా చోట నేల కనపడేదాకా కొరికేస్తుంది. మీ ఐదెకరాల్లో గుర్రాలు నిజంగా మేస్తున్నది ఎంతో ఒకసారి నడిచి చూడండి, ఆశ్చర్యపోతారు.

కాబట్టి నా సలహా ఇది. వీలైతే ఎత్తే పని రోజూ పెట్టుకోండి. రోజుకు 60–70 కిలోలంటే 110–120 లీటర్ల తొట్టితో ఒక్కటే ట్రిప్పు, పావుగంటో అరగంటో పడుతుంది. మీ అబ్బాయి కోరిన ఒకే ట్రిప్పు ఇలా సాధ్యమవుతుంది. మరీ కుదరకపోతే వారానికి రెండుసార్లు, అంతకు తగ్గొద్దు.

ఇక బరువు విషయం. తొట్టి ఎన్ని లీటర్లని దుకాణంలో అందరూ అడుగుతారు, బరువు చక్రం మీద పడుతుందా చేతుల మీద పడుతుందా అని మాత్రం ఎవరూ అడగరు. వీల్‌బారో అంటే ఒక మీట (లివర్). చక్రం నుంచి పిడి దాకా 140 సెంటీమీటర్లు ఉందనుకోండి. 60 కిలోల బరువు చక్రానికి 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే మీ చేతుల మీద పడేది 17 కిలోలే, అదే బరువు 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 30 కిలోలు. మీ పాత బండితో నడుం పట్టేస్తుందంటే సగం కారణం ఇదే అయ్యుంటుంది. కాబట్టి తొట్టి ముందుకు, చక్రం మీదకు వచ్చినట్టున్న బండి చూడండి. దుకాణంలో ఖాళీ బండి ఎత్తి చూస్తే ఏమీ తెలియదు, నలభై యాభై కిలోల బస్తా ఏదైనా అందులో వేయించి పది అడుగులు తోసి ఒక మలుపు తిప్పండి. అమ్మేవాడు విసుక్కుంటే విసుక్కోనీ. పిడి పట్టుకుని నిటారుగా నిలబడితే చేతులు చాచినట్టు ఉండాలి, మోచేతులు మడవాల్సి వచ్చినా నడుం వంగినా ఆ బండి మీ ఎత్తుకు కాదు.

ఒంటి చక్రమా, రెండు చక్రాలా అనేది మీ నేలను బట్టి. రెండు చక్రాలది నిలకడగా ఉంటుంది, బరువు చాలావరకు ఇరుసే మోస్తుంది, చదునైన పొలానికి హాయి, నడుం నొప్పి ఉన్నవాళ్లకు, ఇంట్లో పెద్దవాళ్లు ఈ పని చేస్తుంటే వాళ్లకు అదే మంచిది. అయితే అడ్డవాలులో అది నేలతో పాటే ఒరుగుతుంది, మీరు నిలబెట్టలేరు. ఒక చక్రం గుంటలో పడితే పిడి మణికట్లను మెలిపెట్టేస్తుంది. ఒంటి చక్రందాన్ని వాలులో చేత్తో నిటారుగా పట్టుకోవచ్చు, గుంటల పక్కనుంచి తప్పించొచ్చు, సన్నని దారిలో తిప్పొచ్చు, కానీ అజాగ్రత్తగా ఉంటే పక్కకు పడిపోతుంది. నేనూ ఒకప్పుడు పెద్ద తొట్టి మోజులో రెండు చక్రాలది కొన్నాను. ఇంటికి తెచ్చాక చూస్తే గేటు కన్నా నాలుగు వేళ్లు వెడల్పు. ఖాళీ చేసి, పక్కకు తిప్పి లోపలికి దూర్చడం, నిండాక గేటు బయట ఇంకో బండిలోకి మార్చడం, ఇలా ఒక వారం తిప్పలు పడి చివరికి గేటు స్తంభం పీకి మళ్లీ పాతాను. మీరు టేపు పట్టుకుని గేటు కొలిచి, ఆ కొలత జేబులో పెట్టుకుని వెళ్లండి. మీ పొలం చదునో వాలో రాయలేదు. చదునైతే రెండు చక్రాలది తీసుకోండి, వాలు, గిట్టల గుంటలు ఎక్కువైతే ఒంటి చక్రందే తీసుకోండి.

చక్రం దిగబడుతోందన్నారు కదా, అది టైరు సమస్య. సన్నటి గట్టి రబ్బరు చక్రం బురదలో కత్తిలా దిగుతుంది. గాలి నింపే వెడల్పాటి, పెద్ద టైరు అయితే బరువు ఎక్కువ చోట పరుచుకుంటుంది, గుంటల కుదుపు కూడా తగ్గుతుంది. బాగా తడిగా ఉన్నప్పుడు గాలి కొంచెం తగ్గించినా పనిచేస్తుంది, టైరు మీద రాసిన గరిష్ఠ పీడనం మాత్రం ఎప్పుడూ దాటించొద్దు. కంచె పక్కన ముళ్ల పొదలుంటే పంక్చర్ల టెన్షన్ తప్పదు, అలాంటి చోట లోపల ఫోమ్ నింపిన టైరు మేలు, కొంచెం బరువుగా, బిర్రుగా ఉంటుంది అంతే. ఏ బండి తెచ్చినా గేటు దగ్గర, నీళ్ల తొట్టి దగ్గర ఎప్పుడూ బురదగా ఉండే నాలుగు గజాల్లో మందంగా కంకర పరిస్తే సగం గొడవ పోతుంది.

తొట్టి ప్లాస్టిక్‌దే తీసుకోండి. లద్దె తేమకు, మూత్రానికి రేకు తొందరగా తుప్పు పడుతుంది, మీకు జరిగింది అదే. ప్లాస్టిక్ తేలిక, నీళ్లు కొడితే శుభ్రమవుతుంది. దాని బలహీనత బోల్టుల దగ్గర ఉంటుంది, పగుళ్లు అక్కడే మొదలవుతాయి, కాబట్టి బోల్టు తల కింద వెడల్పాటి వాషర్ ఉందో లేదో వేలితో తడిమి చూడండి. తొట్టి అంచు మరీ ఎత్తుగా ఉంటే లద్దె ఎత్తే ఫోర్కును (పళ్ల పారను) ప్రతిసారీ అంత ఎత్తుకు ఎత్తాలి, రోజుకు నలభై యాభై సార్లు ఆ పని చేసేది మీ భుజమే.

ఇంకో మాట, గుర్రాలకు కుతూహలం ఎక్కువ. బండి కనపడితే ముక్కు పెట్టి తోస్తాయి, కాలు దువ్వుతాయి. బండి కాళ్ల మధ్య గిట్ట ఇరుక్కునేంత సందు, బయటికి పొడుచుకొచ్చిన బోల్టు ఉండకూడదు. పని అయ్యాక బండిని పొలంలో వదలొద్దు, గుర్రాన్ని దానికి కట్టడం అసలే వద్దు. మేత మోసే బండి, లద్దె మోసే బండి వేరువేరుగా ఉంచండి.

లద్దె పోసే కుప్పను పొలానికి దగ్గరగా, బావికీ కాలువకూ దూరంగా పెట్టండి. కుప్ప లోపల 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు ఉంటే, మధ్యలో తిరగేస్తూ ఉంటే గుడ్లు, లార్వాలు, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. పచ్చి లద్దెను మాత్రం గుర్రాలు మేసే పొలంలోనే తిరిగి చల్లొద్దు, ఎత్తిన నట్టల్ని మళ్లీ విత్తినట్టే అవుతుంది.

కొత్త బండి వచ్చాక మొదటి వారం పని అయ్యాక నట్లన్నీ ఒకసారి బిగించండి, వాడుతుంటే అవి సర్దుకుని వదులవుతాయి. ఇరుసుకు గ్రీజు మీరే పెట్టుకోవచ్చు. పాత బండి చక్రం, ఇరుసు బాగుంటే పారేయొద్దు, చిల్లు పడ్డ రేకు తీసేసి అడుగున పలక బిగిస్తే మేత బస్తాలకు పనికొస్తుంది.