.44 మాగ్నం రివాల్వర్: ఇంట్లో లోడ్ చేసిన రౌండ్లతో సిలిండర్ ఎందుకు బిగుసుకుపోతుంది?

మీరు 240 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్, పౌడర్ల బరువు కొలత) బుల్లెట్లతో .44 మాగ్నం రౌండ్లను (తూటాలను) ఇంట్లోనే తయారుచేసుకుంటున్నారు. ఫ్యాక్టరీ రౌండ్లతో ఏ ఇబ్బందీ లేదు గానీ, మీవి కాల్చినప్పుడు నాలుగో ఐదో గుండు దగ్గర సిలిండర్ తిరగకుండా ఆగిపోతోంది. రివాల్వర్ తన్ను తగ్గడానికి హెచ్110 పౌడర్‌ను లోడింగ్ మాన్యువల్‌లో ఉన్న కనిష్ఠ కొలత కంటే బాగా తగ్గించి వాడవచ్చా అని కూడా అడిగారు. రెండో ప్రశ్నలో ప్రమాదం ఉంది కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను: దయచేసి ఆ పని చేయకండి.

హెచ్110 నెమ్మదిగా మండే బాల్ పౌడర్, అంటే గుండ్రని రేణువులది. వించెస్టర్ 296 పేరుతో అమ్మేదీ ఇదే. కేసులో, అంటే పౌడర్ పోసి బుల్లెట్‌ను బిగించే ఇత్తడి గొట్టంలో, తగినంత ఒత్తిడి ఏర్పడితేనే అది సరిగా మండుతుంది. కొలత బాగా తగ్గిస్తే పౌడర్ అర్ధంతరంగా ఆరిపోయి, బుల్లెట్ బ్యారెల్ మధ్యలోనే ఇరుక్కుపోయే అవకాశం ఉంది. శబ్దం తక్కువగా వచ్చిందని గమనించకుండా మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే బ్యారెల్ ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. దీన్ని అమ్మే హాడ్జ్‌డన్ సంస్థ కూడా ఈ పౌడర్‌ను తగ్గించవద్దని స్పష్టంగా హెచ్చరిస్తుంది. మెత్తని రౌండ్లు కావాలంటే అలయంట్ 2400, యునీక్ వంటి పౌడర్లకు మాన్యువల్లో ప్రచురించిన తేలిక లోడ్లు ఉన్నాయి. వాటిని అక్షరాలా పాటించండి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. యునీక్ కొలత .44 మాగ్నం కేసులో సగం కూడా నిండదు కాబట్టి పొరపాటున రెండుసార్లు పోసినా పైకి పొర్లదు. బుల్లెట్లు పెట్టే ముందు కేసులన్నిటినీ లోడింగ్ బ్లాకులో వరుసగా నిలబెట్టి, టార్చి వేసి ఒక్కొక్క దానిలో పౌడర్ మట్టాన్ని చూడటం నేను ఏనాడూ మానలేదు.

ఇక సిలిండర్ సంగతి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి, కాల్చని రౌండ్లలోని బుల్లెట్లు తన్నుకు ముందుకు జరుగుతున్నాయని నా అభిప్రాయం. రివాల్వర్ వెనక్కి తన్నినప్పుడు సిలిండర్‌తో పాటు, అంచు పట్టుకుని ఉన్న కేసు కూడా వెనక్కి కదులుతుంది. బరువైన బుల్లెట్ మాత్రం జడత్వం వల్ల ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలేది కూడా ఈ కారణం చేతనే. తుపాకీ తేలికైనదైనా, బుల్లెట్ బరువైనదైనా ఈ జరుగుడు పెరుగుతుంది. మొదటి గుండుకు వెంట్రుకవాసి, రెండో దానికి మరికొంత జరిగి, చివరికి బుల్లెట్ మొన సిలిండర్ ముందు ముఖాన్ని దాటి ఫ్రేముకు తగులుతుంది. మొదటి రెండు మూడు గుండ్లు బాగా పేలి, చివరివే మొరాయించడానికి కారణం ఇదే.

నిర్ధారించుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. ఒక రౌండు మొత్తం పొడవును కాలిపర్‌తో కొలిచి, అడుగున మార్కర్‌తో గుర్తు పెట్టండి. సిలిండర్ నింపి, గుర్తు పెట్టిన రౌండును వదిలేసి మిగతా అయిదింటినీ కాల్చి, దాన్ని బయటికి తీసి మళ్లీ కొలవండి. పొడవు అంగుళంలో వెయ్యో వంతో, వెయ్యిలో రెండు వంతులో మారితే కంగారు పడనక్కరలేదు. అంతకు మించి, కాల్చేకొద్దీ పెరుగుతూ పోతుంటే రోగం తెలిసినట్టే. పరీక్ష మధ్యలో సిలిండర్ ఆగిపోతే బలవంతంగా తిప్పకండి. తుపాకీ మొనను లక్ష్యం వైపే ఉంచి రేంజ్ ఆఫీసర్‌ను పిలవండి.

చాలామంది ఇక్కడ క్రింప్ డైని (కేసు అంచును బుల్లెట్ మీదికి మడిచి బిగించే అచ్చును) ఇంకొంచెం కిందికి తిప్పి ఊరుకుంటారు. ఆరిజోనా ఎడారి రేంజ్‌లలో ఏళ్ల తరబడి .44 మాగ్నం కాల్చిన అనుభవంతో చెబుతున్నాను, బుల్లెట్‌ను పట్టి ఉంచే పనిలో సింహభాగం కేసు గోడల బిగువుదే. క్రింప్ దానికి తోడు మాత్రమే. ఆ బిగువును నిర్ణయించేది మీ డైల సెట్‌లోని ఎక్స్‌పాండర్, అంటే బుల్లెట్ పట్టేలా కేసు నోటిని వెడల్పు చేసే కడ్డీ. జాకెట్ (రాగి తొడుగున్న) బుల్లెట్ వ్యాసం .429 అంగుళం, పోత సీసపు బుల్లెట్లది సాధారణంగా .430 ఉంటాయి. ఎక్స్‌పాండర్ బుల్లెట్ కంటే .002, .003 అంగుళం సన్నగా ఉండాలి. లావుగా ఉంటే ఎంత గట్టిగా క్రింప్ చేసినా ప్రయోజనం ఉండదు. ప్రైమర్ (పౌడర్‌ను అంటించే చిన్న బిళ్ల) గాని పౌడర్ గాని లేని ఖాళీ కేసులో బుల్లెట్‌ను కూర్చోబెట్టి, క్రింప్ చేయకుండానే మొనను బల్లకు ఆనించి బొటనవేళ్లతో గట్టిగా నొక్కి చూడండి. అది లోపలికి జారితే లోపం ఎక్స్‌పాండర్‌లోనో సైజింగ్ డైలోనో (కాల్చిన కేసును తిరిగి సన్నగా నొక్కే అచ్చులోనో) ఉందన్నమాట. ఎన్నోసార్లు కాల్చిన పాత ఇత్తడి గట్టిపడి, సైజు చేశాక మళ్లీ కొంత విచ్చుకుంటుంది కాబట్టి, పూర్తి శక్తి రౌండ్లకు కొత్త కేసులనే వాడి, పాతవాటిని తేలిక లోడ్లకు మళ్లిస్తాను.

బిగువు సరిపోయాక క్రింప్‌కు రండి. కేసులన్నీ ఒకే పొడవు లేకపోతే ఒకదానికి క్రింప్ చాలదు, మరొకదానికి ఎక్కువై కేసు నడుము ఉబ్బుతుంది. గరిష్ఠ పొడవు 1.285 అంగుళాలు; 1.275కు అన్నిటినీ సమానంగా ట్రిమ్ చేస్తే ఈ తేడా పోతుంది. బుల్లెట్‌ను దింపడం ఒక విడతగా, క్రింప్ చేయడం మరో విడతగా చేయండి. రెండూ ఒకేసారి చేస్తే, బుల్లెట్ ఇంకా కిందికి దిగుతూ ఉండగానే కేసు అంచు లోపలికి మడుచుకుని దాన్ని గీరుతుంది. సరైన రోల్ క్రింప్‌ను వెలుతురులో చూస్తే, కేసు అంచు బుల్లెట్ గాడిలోకి చుట్టూ సమంగా ఒదిగి, గోరుతో రాస్తే అంచు తగలకుండా నున్నగా ఉంటుంది. సీసపు బుల్లెట్లకు కార్బైడ్ రింగున్న ఫ్యాక్టరీ క్రింప్ డైని నేను వాడను. ఆ రింగు కేసుతో పాటు మెత్తని బుల్లెట్‌ను కూడా నొక్కుతుంది, ఆ తర్వాత ఇత్తడి కొంత వెనక్కి విచ్చుకున్నా సీసం విచ్చుకోదు కనుక పట్టు సడలుతుంది.

ఇదేమీ కొత్త సమస్య కాదు. ఐడహో రాష్ట్రంలోని సాల్మన్‌లో నివసించిన ఎల్మర్ కీత్, 1907 నాటి .44 స్పెషల్ కేసులో బరువైన లోడ్లు కాలుస్తూ, అందుకోసం తానే రూపొందించిన సెమీవాడ్‌కటర్ (చదునైన మొన, పదునైన భుజం ఉన్న) బుల్లెట్‌కు లోతైన క్రింప్ గాడి పెట్టించాడు. ఆయన పట్టుదల ఫలితంగానే రెమింగ్టన్, స్మిత్ అండ్ వెసన్ సంస్థలు 1955-56లో .44 మాగ్నంను తెచ్చాయి. పాత .44 స్పెషల్ తుపాకుల్లో పట్టకూడదని కేసును దాదాపు అంగుళంలో ఎనిమిదో వంతు పొడిగించారు. ఆ రూపంలోని బుల్లెట్లు నేటికీ దొరుకుతాయి, పోత బుల్లెట్లలో నాకు అవే ఇష్టం.

పొడవు పరీక్షలో మార్పు కనిపించకపోతే ఇంకో మూడు చోట్ల వెతకాలి. ప్రైమర్ కేసు అడుగుతో సమంగా గాని, ఇంకా మేలుగా కొద్దిగా లోతుగా గాని ఉండాలి. పైకి తేలి ఉంటే వెనుక ఫ్రేముకు రాసుకుంటుంది. ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం (కేసులను బయటికి నెట్టే నక్షత్రాకారపు పలక) కింద కాలని పౌడర్ రేణువులు చేరినా సిలిండర్ బిగుస్తుంది, కాబట్టి ఖాళీ కేసులను తీసేటప్పుడు తుపాకీ మొనను పైకి పెట్టి ఒక్క చరుపుతో తీయండి. ఆ పలకను నెట్టే ఎజెక్టర్ రాడ్ వదులైందేమో కూడా చూడండి.

ఇక్కడ చదివే తెలుగువారిలో హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉన్నవారు చాలామంది కాబట్టి ఒక మాట చెప్పక తప్పదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసాపై ఉన్నవారు తుపాకీ గాని మందుగుండు గాని కలిగి ఉండటాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. విడి కేసులు, ప్రైమర్లు, బుల్లెట్లు, పౌడర్ కూడా ఆ చట్టంలో మందుగుండు కిందికే వస్తాయి. స్నేహితుడి గ్యారేజీలో రౌండ్లు తయారుచేసే ప్రెస్ చూసి మీరూ కొనే ముందు లాయరును అడగండి. భారతదేశంలో లైసెన్సు లేకుండా రౌండ్లు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం.

పరీక్ష చేశాక ఎక్స్‌పాండర్ వ్యాసం, బుల్లెట్ వ్యాసం, అయిదు గుండ్ల తర్వాత గుర్తు పెట్టిన రౌండు పొడవు, ఈ మూడు అంకెలూ ఇక్కడ రాయండి. ఎక్స్‌పాండర్ లావుగా ఉందని తేలితే, దాన్ని మార్చాలా, పాలిష్ చేసి సన్నబరచాలా అనేది అప్పుడు చెబుతాను. అంతవరకు ఇప్పటికే లోడ్ చేసిన పూర్తి శక్తి రౌండ్లను రివాల్వర్‌లో వాడకుండా పక్కన పెట్టండి.