సిమెంటు చేయించే ముందు ఒక్కమాట

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్కారం. మాది తిరుపతిలో జీవకోన వైపు, కొండకు దగ్గర్లో సొంతిల్లు. పెరట్లో టెంకాయ చెట్టు, జామ, కరివేపాకు, కొన్ని కూరగాయ పాదులు ఉన్నాయి. ఈమధ్య ఆరడుగుల పాము ఒకటి పట్టపగలే తిరుగుతోంది. జెర్రిపోతే, ఏమీ చేయదని మా అత్తగారు అంటారు. జెర్రిపోతు ఉంటే దానితో జతకట్టడానికి నాగుపాము కూడా వస్తుందని పక్కింటివాళ్లు భయపెడుతున్నారు. మావారేమో పెరడంతా సిమెంటు చేయించేద్దాం అంటున్నారు. ఐదేళ్ల బాబు ఉన్నాడు. ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు సిమెంటు పని ఆపించండి.

మీ అత్తగారి మాటే నిజం కావచ్చు. అంత పొడుగుండి, పగటిపూట చురుగ్గా తిరుగుతూ, మనిషి అలికిడి కాగానే జారుకునేది ఎక్కువగా జెర్రిపోతే. కళ్లు పెద్దవి, పెదవుల మీద నిలువుగా నల్లగీతలు ఉంటాయి. విషం ఉండదు. పట్టుకోబోతే మాత్రం గట్టిగా కరుస్తుంది. అయినా చూడకుండా నేను ఖాయంగా చెప్పలేను కాబట్టి, దూరం నుంచే ఫోటో తీసి అటవీశాఖ వాళ్లకో, పాములు పట్టే అనుభవజ్ఞులకో చూపించండి. జామకొమ్మకు కుబుసం చిక్కుకుని కనబడితే పారేయకండి. జెర్రిపోతు కుబుసం సన్నగా, చాలా పొడుగ్గా ఉంటుంది, తోక చివరిదాకా సన్నబడుతూ పోతుంది. తలవైపు వెలుతురులో పట్టి చూస్తే కంటిమీది పొర కూడా గుండ్రంగా, గాజుబిళ్లలా అలాగే ఉంటుంది. మీ బాబుకు చూపించండి, భయం సగం తగ్గుతుంది.

నాగుపాముతో జతకట్టడం అనేది ఒట్టిమాట. రెండూ వేరు వేరు జాతులు. పెనవేసుకుని పైకి లేస్తూ కనిపించే జెర్రిపోతులు చాలాసార్లు రెండూ మగవే, బలం చూసుకుంటూ ఉంటాయి.

అసలు అది మీ ఇంటికి ఎందుకొచ్చిందో ఆలోచించండి. టెంకాయ చెట్టు మొదట్లో, గోడవారన బొరియలు ఉన్నాయేమో చూడండి. పందికొక్కులు, ఎలుకలు, కప్పలు ఉన్నచోటికే అది వస్తుంది. దాన్ని పట్టించి పంపేస్తే ఎలుకలు మీకే మిగులుతాయి, వాటికోసం రేపు ఇంకో పాము వస్తుంది, అది నాగుపామే కావచ్చు. కాబట్టి ఎలుకల సంగతి చూడండి. ఎలుకల మందు మాత్రం పెట్టవద్దు, ఆ మందు తిన్న ఎలుకను మింగిన పాముకూ, గుడ్లగూబకూ ప్రాణం మీదికొస్తుంది. బోను పెట్టండి, రాత్రిపూట అన్నం మెతుకులు, కోళ్లమేత బయట ఉంచకండి.

సిమెంటు వేసినా పందికొక్కులు ఆగవు, దాని కిందే తవ్వుకుంటాయి. పైగా వాన నీళ్లు ఇంకే చోటు పోతుంది. 2021 నవంబరులో మన తిరుపతి వీధులు ఏరులైపోవడం చూశాం కదా, ఉన్న కాస్త మట్టినీ మూసేయాలా?

బాబు సంగతి. కట్టెలు, టెంకాయ మట్టలు, పాత ఇటుకలు గోడకు ఆనించి కుప్ప పెట్టకండి. తలుపు కింద సందు, మురుగు గొట్టం నోరు మూయించండి. చీకటి పడ్డాక టార్చి, చెప్పులు లేకుండా పెరట్లోకి ఎవరూ దిగకూడదు, పెద్దవాళ్లయినా సరే. పాము కనబడితే రాయి తీసుకోకుండా, దూరంగా నిలబడి అమ్మను పిలవమని బాబుకు నేర్పండి. పాదుల మీద నైలాన్ వల కప్పి ఉంటే నేలకు తగలకుండా పైకెత్తి కట్టండి. పాము పొలుసులు వెనక్కి వాలి ఉంటాయి, ముందుకు దూరిన పాము వెనక్కి రాబోతే దారం వాటికింద పట్టేస్తుంది. గింజుకునేకొద్దీ ఒళ్లు కోసుకుపోతుంది. ఆ అవస్థ చూశాక నేను మా పాదుల మీద వల తీసేశాను.

మీరు నిజంగా గుర్తుపట్టాల్సింది రక్తపింజరిని. లావుగా, పొట్టిగా, వీపంతా గొలుసులాంటి ముదురు మచ్చలతో ఉంటుంది, పెద్దగా బుస కొడుతుంది. మనం దగ్గరికి వెళ్లినా చాలాసార్లు కదలదు, అదే ప్రమాదం. అది గానీ, నాగుపాము, కట్లపాము గానీ కనబడితే పట్టేవాళ్లను పిలవాల్సిందే. ఏ పాము కరిచినా కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం వద్దు. కాలో చెయ్యో కదలనీయకుండా 108కి ఫోన్ చేసి రుయా లాంటి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మంత్రం వేయించి వెళ్దామంటూ ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోకండి.

ప్రశ్న: మిద్దె పిట్టగోడ మీద రోజూ గింజలతో నిండిన మలం కనబడుతోంది. రాత్రుళ్లు అటక మీద చప్పుడు. సపోటాలు మిగలడం లేదు. పునుగు పిల్లి అంటున్నారు. బోను పెట్టవచ్చా?

జవాబు: పెట్టకూడదండీ, 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. స్వామివారికి శుక్రవారం అభిషేకం తర్వాత పునుగు తైలం పూసే ఊరు మనది, ఆ జీవిని మనమే బోనులో వేయడమేమిటి? అది తిన్న పండ్ల గింజలు కొండదాకా మొలకెత్తుతాయి. చెట్టు కింద నమిలి ఉమ్మేసిన పిప్పి కూడా ఉంటే గబ్బిలాలకూ వాటా ఉన్నట్టే. సపోటా ఎలాగూ పక్వానికి రాగానే కోసి ఇంట్లో మాగబెట్టుకునేదే, అప్పుడే కోసేయండి. మిద్దెను తాకే కొమ్మలు నరికించండి. అటక కన్నం మాత్రం తొందరపడి మూయకండి. లోపల పిల్లలు లేవని చూసుకుని, రాత్రి అది మేతకు వెళ్లాక మూయించండి. పిల్లలుంటే అవి తల్లి వెంట బయటికి వెళ్లేదాకా ఆగండి.