ఇన్ని గెలిచినా పిలుపు రాదేం?

ప్రశ్న: మా అబ్బాయి బాయ్‌సీ స్టేట్‌లో చదువుతున్నాడండీ. వాడి పుణ్యమా అని ఇంటిల్లిపాదికీ కాలేజ్ ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. ఏళ్ల తరబడి గెలుస్తూనే ఉన్నారు, పెద్దపెద్దవాళ్లనీ ఓడించారు. అయినా తమ కాన్ఫరెన్స్‌లో, అంటే యూనివర్సిటీల లీగ్‌లో, చేరమని బిగ్ 12 పిలవదు, బిగ్ టెన్ సంగతి సరేసరి. నిజంగా అర్హత లేదా, లేక ఇందులో రాజకీయం ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, ఐడహో

జవాబు: అర్హత ఉందండీ, ముందు ఆ ముక్క చెప్పేస్తాను. 2007 జనవరి 1న ఫియెస్టా బౌల్‌లో (బౌల్ అంటే సీజన్ చివర్లో ఆడే ప్రత్యేక మ్యాచ్) ఓక్లహోమాని 43-42తో ఓడించిన జట్టది. వీడియో చూడకపోతే మీ అబ్బాయిని అడగండి, వెంటనే పెట్టి చూపిస్తాడు. ఓవర్‌టైమ్‌లో టచ్‌డౌన్ (బంతిని అవతలి గీత దాటించడం) అయ్యాక ఒక్క పాయింట్ కొడితే స్కోరు సమం, ఆట ఇంకా సాగేది. వాళ్లు అది వద్దనుకుని రెండు పాయింట్లకి వెళ్లారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ జబ్రాన్‌స్కీ కుడిచేత్తో కుడివైపుకి విసిరినట్టు నటించి, ఎడమచేత్తో వీపు వెనక నుంచి బంతిని ఇయాన్ జాన్సన్‌కి అందించేశాడు. డిఫెన్స్ అంతా అటు చూస్తుంటే జాన్సన్ ఇటు నుంచి తేలిగ్గా లోపలికి దూరిపోయాడు. పోనీ ఆ ఒక్కరోజు అదృష్టం అనుకుందామా అంటే 2010లో మళ్లీ అదే బౌల్‌లో టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) మీద 17-10తో గెలిచారు. 2024లో వీళ్ల ఆటగాడు ఆష్టన్ జెంటీ బంతి పట్టుకుని ఏకంగా 2,601 గజాలు పరుగెత్తి, 1988 నాటి బ్యారీ శాండర్స్ సీజన్ రికార్డుకి 27 గజాల దూరంలో ఆగిపోయాడు. అదే ఏడాది రెగ్యులర్ సీజన్‌లో ఓటమే ఎరగని ఒరెగాన్, వీళ్ల మీద మాత్రం సొంత మైదానంలో చివరి క్షణం ఫీల్డ్ గోల్‌తో (కాలితో తన్ని కొట్టే మూడు పాయింట్లు) 37-34గా గట్టెక్కింది.

మరి పిలుపు ఎందుకు రాలేదు? ఎందుకంటే పిలిచేవాళ్లు స్కోరుబోర్డు చూసి పిలవరు. బిగ్ 12కి ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో ఆరేళ్లకి 228 కోట్ల డాలర్ల ఒప్పందం ఉంది, కుదిరిన నాటి లెక్కలో స్కూల్‌కి (అంటే యూనివర్సిటీకి) ఏడాదికి సగటున 3.17 కోట్లు. కొత్తగా ఒకరు వచ్చి కూర్చుంటే టీవీ వాళ్లు ఆ మేరకు డబ్బు పెంచాలి, లేదంటే ఉన్నవాళ్ల వాటా తరగాలి. ఓటు వేసేది ఆ ఉన్నవాళ్లే. ఎవరైనా తన జేబుకి చిల్లు పడేలా చెయ్యెత్తుతారా చెప్పండి? బాయ్‌సీ చూస్తే చిన్న టీవీ మార్కెట్, స్టేడియంలో పట్టేది 36 వేల చిల్లర మంది. 2021లో బిగ్ 12 నలుగురిని పిలిచింది: బీవైయూ (బ్రిగమ్ యంగ్), సిన్సినాటీ, హ్యూస్టన్, యూసీఎఫ్ (సెంట్రల్ ఫ్లోరిడా). వాళ్లలో మూడు స్కూళ్ల చుట్టూ పెద్ద నగరాలు, నాలుగోదానికి దేశమంతా అభిమానులు. దీన్ని రాజకీయం అనడం కన్నా వ్యాపారం అంటే సరిపోతుంది.

అవతలివాళ్ల వాదన కూడా ఒకటుంది, కొట్టిపారేయలేం. ఏడాదిలో ఒకటో రెండో పెద్ద మ్యాచ్‌లకి నెలల తరబడి సిద్ధమై గెలవడం వేరు, వారం వారం అలాంటి జట్లతోనే తలపడి నవంబర్ నాటికి కాళ్లూచేతులూ సరిగ్గా ఉన్నవాళ్లు ఎంతమంది మిగిలారో లెక్కపెట్టుకోవడం వేరు అంటారు. యూటా కథ చూడండి. 2008 సీజన్ అంతా అజేయంగా ఉండి షుగర్ బౌల్‌లో అలబామాని 31-17తో చిత్తు చేసిన జట్టు 2011లో పశ్చిమాన ఉన్న పెద్ద కాన్ఫరెన్స్ పాక్-12లో చేరితే, మొదటి మూడేళ్లు కాన్ఫరెన్స్‌లో గెలుపు-ఓటములు 4-5, 3-6, 2-7. టీసీయూ కూడా బిగ్ 12లో రెండో ఏడాదే మొత్తం మీద 4-8కి పడిపోయింది. కాకపోతే కథ అక్కడితో ఆపేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట, ఎందుకంటే అదే యూటా 2021, 2022ల్లో వరసగా పాక్-12 చాంపియన్, టీసీయూ 2022 సీజన్‌లో ఏకంగా జాతీయ ఫైనల్ ఆడింది. అక్కడ జార్జియా చేతిలో 65-7తో ఓడింది, ఆ సంగతి వదిలేయండి. పెద్ద కాన్ఫరెన్స్‌లో ఉంటే వచ్చే డబ్బూ, వచ్చే కుర్రాళ్లూ వేరు, నిలదొక్కుకోడానికి కొన్నేళ్లు పడుతుంది. బాయ్‌సీకి ఆ కొన్నేళ్లు ఎవరూ ఇవ్వలేదు.

పైగా చిన్న కాన్ఫరెన్స్ అంటే హాయి అనుకుంటారు చాలామంది. 2010 నవంబర్‌లో నెవాడా మీద దగ్గర్నించి కొట్టాల్సిన రెండు ఫీల్డ్ గోల్స్ తప్పి, ఓవర్‌టైమ్‌లో 34-31తో ఓడారు. సీజన్‌లో అదొక్కటే ఓటమి, దాంతో పెద్ద బౌల్ ఆశ పోయి లాస్ వేగాస్ బౌల్‌కి వెళ్లాల్సి వచ్చింది. పెద్ద కాన్ఫరెన్స్ ఎస్ఈసీలోని జట్టు ఒకటి ఓడితే ‘గట్టి షెడ్యూల్ కదా పాపం’ అంటారు!

ఇంకో దారి ఉంది, ఎదురుకట్నం. డల్లాస్‌లోని ఎస్ఎంయూ (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) అదే చేసింది. తొమ్మిదేళ్లు టీవీ డబ్బు మాకొద్దు, మమ్మల్ని చేర్చుకుంటే చాలు అని 2024లో ఏసీసీలో (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్) అడుగుపెట్టింది. డల్లాస్‌లో దండిగా డబ్బున్న పాత విద్యార్థులు వెనక ఉన్నారు కాబట్టి సాగింది, మొదటి ఏడాదే రెగ్యులర్ సీజన్‌లో లీగ్ మ్యాచ్‌లన్నీ గెలిచి, జాతీయ చాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌కీ వెళ్లింది. బాయ్‌సీకి అంత దన్ను లేదు, నన్నడిగితే ఆ బేరానికి దిగకపోవడమే మేలు. ఇదివరకు ఫుట్‌బాల్ మటుకు బిగ్ ఈస్ట్‌లో చేరతామని 2011లో ఒప్పుకుని, ఆ లీగ్ కళ్లముందే చీలిపోతుంటే 2012 చివర్లో వెనక్కి తగ్గారు, ఐడహో జట్టుకి బిగ్ ‘ఈస్ట్’ ఏమిటో ఇప్పటికీ అంతుపట్టదు. 2026 నుంచి మళ్లీ కట్టుకుంటున్న పాక్-12లో ఆడాలన్నది వీళ్ల నిర్ణయం. పాత పాక్-12 అంత గొప్పది కాదు కానీ, ఉన్నవాటిలో తెలివైన అడుగే.

ప్రశ్న: గెలవని రట్గర్స్‌ని మాత్రం బిగ్ టెన్ ఎందుకు భరిస్తోంది?

జవాబు: న్యూయార్క్ పక్కనే ఉంది కాబట్టి. 2014లో చేర్చుకున్నప్పుడు కేబుల్ రోజులు. ఆ చుట్టుపక్కల ఇళ్లలో కేబుల్ కనెక్షన్ ఉంటే చాలు, మ్యాచ్ చూసినా చూడకపోయినా బిగ్ టెన్ నెట్‌వర్క్‌కి నెలనెలా ఇంత అని ముట్టేది. 2025 సీజన్ దాకా చూసుకున్నా రట్గర్స్‌కి కాన్ఫరెన్స్‌లో ఓటముల కన్నా గెలుపులు ఎక్కువున్న ఏడాది ఒక్కటీ లేదు. అటు ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ ఏ తప్పూ చేయలేదు, 2022, 2023ల్లో తోటివాళ్లంతా ఒక్కొక్కరే జారుకుంటే పాత పాక్-12లో వాళ్లిద్దరే మిగిలారు. స్టాన్‌ఫర్డ్, కాల్ (కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీ) ఏమో పసిఫిక్ ఒడ్డున కూర్చుని అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఆడుతున్నాయి. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టుకుని అర్హత అనే మాట వాడాలంటే నాకైతే నోరు రాదు.

ప్రశ్న: పెద్ద కాన్ఫరెన్స్‌లో లేకపోతే ప్లేఆఫ్ ఆశ వదులుకోవాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదు. ప్లేఆఫ్‌లో నాలుగే జట్లున్న రోజుల్లో చిన్న కాన్ఫరెన్స్‌ల నుంచి మొత్తం మీద ఒక్క సిన్సినాటీయే వెళ్లగలిగింది, 2021లో. పన్నెండు జట్లు చేశాక మొదటి ఏడాదే బాయ్‌సీ మూడో సీడ్‌గా వెళ్లి పెన్ స్టేట్ చేతిలో 31-14తో ఓడింది. 2025లో టులేన్, జేమ్స్ మ్యాడిసన్ రెండూ వెళ్లాయి, రెండూ మొదటి రౌండ్‌లోనే ఇంటిదారి పట్టాయి. టులేన్ 41-10తో చేతులెత్తేసింది కానీ, జేమ్స్ మ్యాడిసన్ ఓడుతూ కూడా ఒరెగాన్ మీద 34 పాయింట్లు కొట్టింది.