పార్కు పనికి పోయే ముందు

బిడ్డా,

వరంగల్ హంటర్ రోడ్డులోని వన విజ్ఞాన కేంద్రంలో (జూపార్కులో) ఆదివారాలు సాయం చేస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. అది అటవీ శాఖ జాగా, ముందు వాళ్ల పర్మిషన్ తీసుకో. జంతువుల ఎన్‌క్లోజర్ల దగ్గరి పని నెత్తినేసుకోకు.

పోగానే మొక్కలు నాటుదామనుకోకు. నాటేవాళ్లకు కరువు లేదు. 2015లో హరితహారం మొదలైనప్పటి నుంచి వానాకాలంలో ఫొటో దిగని వాళ్లెవరు? ఏప్రిల్‌లో నీళ్లు పోసేవాళ్లే దొరకరు. ఒక్క మూల అప్పగించమని అడిగి, ఏడాదంతా అదే చూసుకో.

వానలు పడ్డాక నీకు అసలు పని వయ్యారిభామ కలుపుతోనే. తెల్లపూత రాకముందే పీకాలి. పూసి గింజ రాలిందా, ఒక్క మొక్కే 10 వేలకు పైగా రాల్చగలదు. నేల తడిగా ఉన్నప్పుడు మొదలు దగ్గర పట్టి లాగితే వేరుతో సహా వస్తుంది. కొడవలితో కోస్తే మళ్లీ చిగురుస్తుంది. గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, మూతికి రుమాలు లేకుండా ముట్టకు, ఆ దురద పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. ఆస్తమా ఉన్న దోస్తులను ఈ పనికి పిలవనే వద్దు. గడ్డిలో తంగేడు పిలకలు కూడా ఉంటాయి, గుర్తుపట్టే దాకా మాలీని అడిగే పీకు. బతుకమ్మకు తంగేడు కొమ్మలు విరిచేవాళ్లు కనిపిస్తే లొల్లి పెట్టుకోకు, మాలీకి చెప్పు చాలు.

సంచిలో ఒక కటింగ్ ప్లేయర్ ఉంచుకో. చెట్టు లావెక్కినా ట్రీగార్డు తీసే నాథుడుండడు. దాని ఇనుప తీగ బెరడులోకి దిగి, చుట్టూ పెదవుల్లా ఉబ్బి ఉంటుంది. పైకి కనిపించే తీగ మటుకు కత్తిరించు, లోపలిది గుంజితే బెరడు ఊడొస్తుంది.

వేప కొసలు మాడినట్టు ఉంటే చెట్టు చచ్చిందని ఎవరన్నా గొడ్డలి తెస్తారు, ఆపు. ఈ మధ్య మన దిక్కు ఆ తెగులు బాగా కనిపిస్తోంది, కానీ చాలా చెట్లు మళ్లీ చిగురిస్తున్నాయి.

రాలిన ఆకుకు అగ్గి పెట్టనీయకు. మొదలుకు తగలకుండా జానెడు వదిలి పాదులో పరిస్తే ఎండాకాలం తడి నిలుస్తుంది. కుప్ప ఎత్తేముందు కర్రతో కదిలించు, తేళ్లుంటాయి.

రాలేని ఆదివారం ముందే ఫోన్ చెయ్. నీ కోసం మాలీ పని ఆపుకుని కూర్చుంటాడు. నా గ్లౌజులు ఇంట్లోనే ఉన్నాయి, వచ్చి తీసుకుపో.

మీ పెద్దబాపు