పాఠకుల ప్రశ్నలు: మధ్యాహ్నం మిగులు, సాయంత్రం దిగులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం కరెంటు గురించే. ఎండలు ముదిరాక ఎవరికైనా అదే ధ్యాస కదా. కొన్నింటికి కాస్త తీరిగ్గా జవాబిస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, పీఎం సూర్యఘర్ సోలార్ పథకం కింద డాబా మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టించాను. బిల్లు తగ్గింది, కాదనను. కానీ మొన్న మిట్టమధ్యాహ్నం వీధిలో కరెంటు పోతే మా ఇంట్లో ఫ్యాను కూడా ఆగిపోయింది. నెత్తిన అంత ఎండ పెట్టుకుని ఇదేం ఖర్మ? నన్ను మోసం చేశారా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, విజయనగరం

మోసం కాదండీ, అమ్మేటప్పుడు చెప్పాల్సిన మాట మింగేశారు, అంతే. మీ గోడకి బిగించింది ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్. వీధి లైన్లో ఉన్న వోల్టేజీని, 50 హెర్ట్జ్‌ని చూసుకుంటూ వాటికి తగ్గట్టే అది కరెంటు పంపుతుంది, లైన్ చచ్చిపోతే వెంటనే తనూ ఆగిపోవాలి. ఎందుకంటారా, సప్లై ఆపేశారన్న ధీమాతో లైన్‌మన్ స్తంభం ఎక్కి తీగ పట్టుకున్నప్పుడు మీ డాబా నుంచి కరెంటు ఎదురెళ్లిందంటే మనిషి అక్కడికక్కడే పోతాడు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్ల తర్వాత విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎన్ని స్తంభాలు నేలకొరిగాయో, ఎంతమంది లైన్‌మన్లు రాత్రింబవళ్లు తీగల మీదే ఉన్నారో చూసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

కరెంటు పోయినా ఇల్లు నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికో బ్యాటరీ కావాలి. కేంద్రం 3 కిలోవాట్లకు ఇచ్చే 78,000 రూపాయల సబ్సిడీ ప్యానెళ్ల సామర్థ్యాన్ని బట్టి లెక్కకట్టేదే, బ్యాటరీకని విడిగా పైసా రాదు. రాజస్థాన్‌కి, పలాసకి ఒకే కొలత వేస్తే ఇలాగే ఉంటుంది. తుపాను తీరంలో కనీసం ఆరోగ్య కేంద్రాలకి, మంచినీళ్ల మోటార్లకి బ్యాటరీతో కలిపి ఇవ్వాలని నా వాదన.

ప్రశ్న: సోలార్ యూనిట్ రెండున్నర రూపాయలకే వస్తోందని టీవీలో ఊదరగొడతారు. మరి మా బిల్లు ఎందుకు దిగదండీ? ఎవరి జేబులోకి పోతోంది?
– కిరాణా వ్యాపారి, రాజాం

ఆ రెండున్నర రూపాయలు ఎండ ఉన్నప్పటి ధర. మీ కొట్లో ఫ్రిజ్జు, లైట్లు, ఇంట్లో ఏసీ అన్నీ ఒక్కసారే లాగేది సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా. అప్పటికి సోలార్ సున్నా. ఆ గంటల కోసం బొగ్గు ప్లాంట్లని రోజంతా వెచ్చగా ఉంచాలి, మధ్యాహ్నం వాటి కరెంటు అక్కర్లేకపోయినా సరే. పూర్తిగా ఆర్పేసి సాయంత్రానికి మళ్లీ రాజేయడం కుదిరే పని కాదు. అందుకే 55 శాతం లోడ్ దాకా తగ్గి నడవగలగాలని, అంచెలంచెలుగా 40కి రావాలని కేంద్ర విద్యుత్ అథారిటీ 2023లో నిబంధన పెట్టింది. అలా తగ్గించి నడిపితే బాయిలర్లు త్వరగా అరుగుతాయి, యూనిట్‌కి బొగ్గు ఎక్కువ కాలుతుంది. ఇక ప్లాంటు నడిచినా నడవకపోయినా కట్టాల్సిన ఫిక్స్‌డ్ ఛార్జీలు ఎలాగూ ఉన్నాయి. ఇవన్నీ చుట్టూ తిరిగి సర్దుబాటు ఛార్జీ పేరుతోనో, ట్రూ అప్ (పాత ఖర్చుల తేడాని తర్వాత రాబట్టడం) పేరుతోనో మీ బిల్లు మీదే వాలతాయి.

2025 జూన్‌లో దేశ స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గూ గ్యాసూ కానిదే అయిందని, 2030 లక్ష్యం ఐదేళ్లు ముందే అందిందని ప్రకటించారు. నిజమే. కానీ ఏడాది మొత్తం మీద పుట్టే యూనిట్లలో 70 శాతం దాకా ఇప్పటికీ బొగ్గుదే. మన నాయకులకి మెగావాట్లు చెప్పడం ఇష్టం, ఏ గంటకి ఎన్ని యూనిట్లు అన్న లెక్క మాత్రం సభల్లో చప్పట్లు తేదు.

ఇక చేయాల్సినవి. పగటి కరెంటు చవగ్గా, సాయంత్రంది ఖరీదుగా అమ్మాలని కేంద్రం 2023లో నిబంధనలు తెచ్చింది, ఎండ గంటల్లో ధర కనీసం 20 శాతం తక్కువ ఉండాలట. పిండిమిల్లు వాళ్లకి ఇది బాగానే పనికొస్తుంది. గరివిడి, బొబ్బిలి ఫెర్రో ఎల్లాయ్స్ కొలిమిలకి అంతగా కాదు. టన్ను సిలికో మాంగనీసుకి దాదాపు 4,000 యూనిట్లు తాగే కొలిమిని సాయంత్రం కాగానే ఆపేయండంటే లోపల కరిగిన సరుకు గడ్డకడుతుంది.

రెండోది, పంప్డ్ స్టోరేజీ. మధ్యాహ్నం మిగిలిన కరెంటుతో నీళ్లు కొండ మీది చెరువుకి ఎక్కించి, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్ తిప్పడం. ఎక్కించడానికి 100 యూనిట్లు ఖర్చయితే వెనక్కి 75, 80 వస్తాయి. నిన్నటిదాకా విజయనగరం జిల్లాలో ఉండి ఇప్పుడు పార్వతీపురం మన్యంలోకి వెళ్లిన కురుకుట్టి, కర్రివలసల దగ్గర ఇలాంటివి ప్రతిపాదించారు. సాంకేతికంగా నాకు అభ్యంతరం లేదు. కానీ ఏజెన్సీలో ఏం కట్టాలన్నా 1996 నాటి పెసా చట్టం ఒకటుంది, గ్రామసభని ముందు అడగాలి, సంతకాలు అయ్యాక కాదు. సోంపేటలో 2010లో, కాకరాపల్లిలో 2011లో థర్మల్ ప్లాంట్ల కోసం జనాన్ని అడక్కుండా ముందుకెళ్తే కాల్పుల దాకా వచ్చింది, ప్రాణాలు పోయాయి, శ్రీకాకుళం జిల్లా అది మర్చిపోలేదు.

ప్రశ్న: కొవ్వాడ అణు ప్లాంటు వస్తుందా రాదా సార్? పిల్లల పెళ్లిళ్లు, ఇళ్ల రిపేర్లు అన్నీ దాని మీదే ఆగిపోయాయి.
– రణస్థలం మండలం నుంచి ఓ పాఠకుడు

తేదీ చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పేవాళ్లని నమ్మకండి. జరిగింది చెబుతాను. మొదట జీఈ–హిటాచీ రియాక్టర్లన్నారు. ప్రమాదం జరిగితే సరఫరాదారుని కూడా బాధ్యుణ్ని చేసే మన 2010 చట్టం చూసి వాళ్లు వెనక్కి తగ్గారు. తర్వాత వెస్టింగ్‌హౌస్ వచ్చింది, 1,208 మెగావాట్లవి 6, మొత్తం 7,248 మెగావాట్లు అన్నారు. 2017 మార్చిలో ఆ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. తర్వాత కోలుకుందనుకోండి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం ఆ పాత బాధ్యత క్లాజుని తీసేసి ప్రైవేటు కంపెనీలకి కూడా తలుపు తెరిచింది, కాబట్టి ఫైలు మళ్లీ కదలొచ్చు.

నాకు అసలు గుబులు ధర గురించి. ఇదే రకం రియాక్టర్లు రెండు అమెరికాలో జార్జియా రాష్ట్రంలో కట్టారు, 14 బిలియన్ డాలర్లన్నది 30 బిలియన్లు దాటింది, రెండోది 2024లో గానీ పూర్తవలేదు. చైనాలో నాలుగు 2018, 2019 నాటికే నడవడం మొదలెట్టాయి, అదీ ఒప్పుకోవాలి. అణు విద్యుత్తు సాయంత్రం కూడా ఉంటుంది, బొగ్గు పొగ ఉండదు. కానీ యూనిట్ ఎంతకి కొంటామో రాతపూర్వకంగా బయట పెట్టకుండా ఎవరినీ ఊరు ఖాళీ చేయమనకూడదు. మీ ఇంటి రిపేరంటారా, పైకప్పు కారుతుంటే చేయించేసుకోండి, ప్లాంటు కోసం ఆగొద్దు.

ప్రశ్న: సార్, ఎంటెక్ పవర్ సిస్టమ్స్ చదువుతున్నాను. ప్రాజెక్టుకి పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్స్ తీసుకోనా, సోడియం బ్యాటరీలా?
– విద్యార్థిని, శ్రీకాకుళం

రెండూ మంచి విషయాలేనమ్మా, కానీ వాటికి కావాల్సిన ల్యాబ్ మీ కాలేజీలో ఉందా? సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ పొర వేసి 34 శాతం సామర్థ్యం దాటించినవాళ్ల దగ్గర మీ కాలేజీ బడ్జెట్‌కి ఎన్నో రెట్ల డబ్బుంది. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ పట్టుకోండి. దాని కింద పది ఇళ్లకి సోలార్ వచ్చిందనుకోండి, మధ్యాహ్నం వాడకం తక్కువ, ఉత్పత్తి ఎక్కువ, లైన్ చివర వోల్టేజీ పెరిగి 253 దాటిందంటే ఇన్వర్టర్లు ట్రిప్ అవుతాయి. ఎండ మండుతుంటే ప్యానెళ్లు ఖాళీగా కూర్చుంటాయి, ఇంటాయన కంపెనీకి ఫోన్ చేసి తిడతాడు. ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ ఎంత సోలార్ మోయగలదో కొలవాలంటే ఆ వీధికే వెళ్లాలి. సెక్షన్ ఆఫీసులో ఏఈ గారిని కలిసి, కాలేజీ లెటర్ ఇచ్చి, లైన్ మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి, వోల్టేజీని నమోదు చేసే లాగర్ పెట్టించుకోండి. ఏప్రిల్, మే రీడింగులు తప్పకుండా ఉండాలి, పరీక్షలని వాయిదా వేశారో మళ్లీ ఏడాది ఆగాలి.