అన్నం, గడ్డి, చీపురు పుల్లలు

ప్రశ్న: మాస్టారూ, మా మనవరాలు ఇంటర్ బైపీసీ చదువుతోంది. అన్నంలో పిండీ, వరిగడ్డిలో సెల్యులోజూ రెండూ గ్లూకోజే నానమ్మా అంది. అలాగైతే గేదెకు అరిగే గడ్డి మనకెందుకు అరగదు? అడిగితే అంతా కార్బన్ మహిమ అంటోంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పిల్ల సరిగ్గానే చెప్పిందమ్మా. బ్రాడీపేటలో ట్యూషన్ చెప్పే రోజుల్లో ఈ పాఠానికి నేను నానబెట్టిన శనగలు, చీపురు పుల్లలు పట్టుకెళ్లేవాణ్ణి. శనగ కార్బన్, పుల్ల బంధం. ఒక్కో శనగకు నాలుగు పుల్లలు. ముగ్గులోలా నేలబారుగా కాదు, మూడు కాళ్లలా ఆనితే నాలుగోది నిటారుగా నిలబడాలి. ఈ ఆకారం సంగతి డచ్ రసాయన శాస్త్రవేత్త వాంట్ హాఫ్ 1874లోనే చెప్పాడు.

పుల్ల చివర ఇంకో శనగ గుచ్చొచ్చు. గొలుసు కట్టొచ్చు, కొమ్మ తీయొచ్చు, చుట్టి ఉంగరం చేయొచ్చు. నాలుగు శనగల గొలుసు, అంటే గ్యాస్ బండలో ఉండే బ్యూటేన్, రెండు రకాలే. పది శనగలైతే 75. ముప్ఫై అయితే, కాగితం మీద లెక్క 411 కోట్లు దాటుతుంది! అదీ ఉంగరాలు, జంట బంధాలు లేకుండా, హైడ్రోజన్ తప్ప ఇంకేదీ కలపకుండా. సిలికాన్ అనే మూలకానికీ నాలుగు పుల్లలే, కానీ దాని గొలుసు బలహీనం. పైగా ఆక్సిజన్ దొరికితే వదలదు. అందుకే కృష్ణ ఒడ్డున ఇసుకై కూర్చుంది.

ఇక మీ గడ్డి. గ్లూకోజ్‌ను ఒక బిళ్ల అనుకోండి. దాన్ని పక్క బిళ్లకు కలిపే కార్బన్ మీద పుల్ల కిందికుంటే పిండి, పైకుంటే సెల్యులోజ్. తేడా అంతే. పిండి గొలుసు స్ప్రింగులా మెలి తిరుగుతుంది, మన ఉమ్మిలోని ఎంజైమ్ దాన్ని సులువుగా కత్తిరిస్తుంది. కూర లేకుండా ఒక ముద్ద బాగా నమిలి చూడండి, కాసేపటికి తీపి తగులుతుంది. సెల్యులోజ్‌లో బిళ్లలు ఒకటి విడిచి ఒకటి బోర్లా పడతాయి. దాంతో గొలుసు తిన్నగా సాగి, పక్క గొలుసులతో మోపు కట్టినట్టు బిగుసుకుంటుంది. దాన్ని కోసే కత్తెర మనకు లేదు. నిజానికి గేదెకూ లేదు, దాని పొట్టలో కాపురమున్న సూక్ష్మజీవులకుంది. మేసేది గేదె, అరిగించేది అద్దెకున్నవాళ్లు.

ఈ రెండు పుల్లల పేర్లే ఆల్ఫా, బీటా. ఓసారి బోర్డు మీద పిండి గీయబోయి నేనే బీటా గీశాను. వెనక బెంచీ కుర్రాడు లేచి, "సార్, మాకు గడ్డి పెట్టేశారు" అన్నాడు.