స్పెషల్ ఎడిషన్ బైక్ పికప్ లేదు.. రీమ్యాప్ చేయించనా, కేసు వేయనా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాన్నగారు రొయ్యల చెరువు పట్టుబడి డబ్బుతో 2024 జూన్ 12న విజయవాడలో నాకు స్పెషల్ ఎడిషన్ నేకెడ్ బైక్ (ఇంజిన్ బయటికి కనిపించే రకం) కొనిచ్చారు. 800 సీసీ లోపు ట్విన్ సిలిండర్. మొత్తం 11 లక్షలైంది, మామూలు మోడల్ కంటే లక్ష ఎక్కువ. మొదటి నెల నుంచే చించినాడ వంతెన ఎక్కుతుంటే ఐదు వేల ఆర్‌పీఎం దగ్గర కొట్టుకుంటోంది. షోరూం వాళ్లు ‘ఈ బండ్లు ఇంతే’ అంటున్నారు. డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టిస్తే కంపెనీ చెప్పినదానికంటే పది హార్స్‌పవర్ తక్కువ వచ్చింది. ఊళ్లో అందరూ నవ్వుతున్నారు, నాన్న మొహం చూడలేకపోతున్నాను. రాజమండ్రి మెకానిక్ ఒకాయన సైలెన్సర్ మార్చి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) రీమ్యాప్ చేస్తే, అంటే అందులోని సెట్టింగులు మారిస్తే చాలంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: రొయ్యల డబ్బు సంగతి, ఊరి నవ్వుల సంగతి వినియోగదారుల కమిషన్‌కు అక్కర్లేదు. మీరు పంపిన మూడు జాబ్ కార్డులు (బండి సర్వీసుకు ఇచ్చినప్పుడు షోరూం రాసిచ్చే కాగితాలు) చూశాను. మొదటి రెండింట్లో ‘జనరల్ సర్వీస్, ఆయిల్ మార్పు’ అని ఉంది. కింద మీ సంతకం. బండి కొట్టుకుంటోందని నోటితో చెప్పి, ఆ మాటే లేని కాగితం మీద సంతకం ఎలా పెట్టారండీ? 11 లక్షలు పెట్టినవారు రెండు నిమిషాలు ఆగి చదువుకోలేరా? మూడోది 2024 నవంబర్ 20 నాటిది. అందులో మాత్రం ‘పికప్ తక్కువ, జర్క్’ అని రాశారు. మీ కేసు ఆ మూడు ముక్కల మీదే నిలబడాలి.

పది హార్స్‌పవర్ తగ్గిందన్న వాదన వదిలేయండి. బ్రోచర్‌లో వేసేది ఇంజిన్ దగ్గర కొలిచిన అంకె. మీ డైనో కొలిచింది వెనక చక్రం దగ్గర. గేర్‌బాక్సు, చైన్ దాటి వచ్చేసరికి కొంత పోవడం ఏ బండికైనా ఉన్నదే. ‘స్పెషల్’ అన్న మాటా ఆదుకోదు. అదే బ్రోచర్‌లో పక్కనే ఉన్న మామూలు మోడల్‌కీ మీ బండికీ పవర్, టార్క్ ఒకటే వేశారు. మీరు అదనంగా ఇచ్చిన లక్ష రంగుకీ, ముందు ఫోర్కులకీ, బ్రేకులకీ. అనుకున్నంత పరుగు లేకపోవడం చట్టం దృష్టిలో లోపం కాదు. వారంటీలో ఉన్న బండి ఐదు వేల దగ్గర కొట్టుకుంటే మాత్రం లోపమే. దాన్నొక్కదాన్నే పట్టుకోండి.

రీమ్యాప్ జోలికి వెళ్లొద్దు. ఆ మెకానిక్ ల్యాప్‌టాప్ తగిలించిన మరుక్షణం మీ సాక్ష్యం పోయినట్టే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 38 కింద కమిషన్ బండిని పరీక్షకు పంపొచ్చు, ఆ ఖర్చు ముందు మీరే కట్టాలి. రీమ్యాప్ అయిన బండిని పంపితే ‘లోపం మాది కాదు, మెకానిక్‌ది’ అని కంపెనీ లాయరు ఒక్క వాక్యంతో ముగిస్తాడు. వారంటీ కూడా పోతుంది. కేసు తేలేదాకా సైలెన్సర్ బోల్టు కూడా కదపకండి.

గడువు సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. మీరు మూడో జాబ్ కార్డు నుంచి లెక్కేస్తారు, అవతలివాళ్లు డెలివరీ రోజు నుంచి లెక్కేస్తారు. ఆ గొడవే లేకుండా 2026 జూన్ 11 లోపు వేసేయండి. లాయర్ నోటీసు పంపితే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. దాటిపోతే ఆలస్యానికి కారణాలు చూపిస్తూ విడిగా పిటిషన్ పెట్టాలి. ‘షోరూం వాళ్లు చూస్తామన్నారు’ అనేది అక్కడ గట్టిగా నిలవదు.

విజయవాడ తిరగనక్కర్లేదు, మీరు ఉండే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. వినియోగదారుల కేసులకు ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచీ దాఖలు చేయొచ్చు. 11 లక్షల బండికి ఫీజు 400 రూపాయలు. బిల్లు నాన్నగారి పేరున ఉంది కాబట్టి ఫిర్యాదుదారుగా ఆయన్నే పెట్టండి. డీలర్‌నీ, కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి. కొత్త బండి ఒక్కటే అడగకండి, ఆ ఎడిషన్ మార్కెట్లో మిగిలి ఉండకపోవచ్చు. లోపం సరిచేయడం, కాకపోతే డబ్బు వాపసు, నష్టపరిహారం అని వరసగా రాయండి.

ఈలోగా బండిని ఇంకోసారి సర్వీసుకు ఇవ్వండి. ఏ గేరులో, ఏ ఆర్‌పీఎం దగ్గర కొట్టుకుంటోందో జాబ్ కార్డులో రాయించాకే సంతకం పెట్టండి. రాయనంటే అక్కడే నిలబడి షోరూంకి ఈమెయిల్ కొట్టండి. వంతెన మీద తీసిన వీడియో ఉన్న ఫోన్ అమ్మొద్దు, ఫార్మాట్ చేయొద్దు. మూడో జాబ్ కార్డు ఇవాళే కలర్ జిరాక్సు తీయించండి. అది కార్బన్ కాపీ, ‘జర్క్’ అన్న మాట ఇప్పటికే సగం వెలిసిపోయింది.